నిర్మూలన కాదు, కాపుదల



తెలుగు పత్రికలలో అప్పుడప్పుడు కనిపించే ఒక పదబంధం మీద నాకు చాలాకాలంగా అభ్యంతరమున్నది. "అణువ్యర్థాల నిర్మూలన" అన్నది ఆ పదబంధం. నిర్మూలనమంటే మూలంతో సహా లేకుండా చేయడం. మశూచిని ప్రపంచం నిర్మూలించినది. ఆ మాట అక్కడ సార్థకం. అణువిద్యుత్కేంద్రంలో మిగిలిన కలుషితజలాన్ని సిమెంటులో కలిపి, పీపాలో గట్టిపరచి, కాంక్రీటు గోతిలో పెట్టి మూసినంత మాత్రాన నిర్మూలనమయ్యేది ఏమీ లేదు. రేడియోధార్మికత అన్న మాటలో ధర్మమంటే స్వభావమని అర్థం. నిప్పుకు వేడి ఎటువంటిదో ఆ పదార్థానికి కిరణం అటువంటిది. అది తన లెక్క ప్రకారం తాను తగ్గుతుంది. చుట్టూ సిమెంటు ఉన్నా అంతే, లేకున్నా అంతే.

ముప్పై యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి ఇంట కూర్చున్న తెలుగు పండితుడికి ఈ సిమెంటు గొడవ ఎందుకని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేను ఇంజనీరును కాను. కాని ఒక విషయాన్ని ఏ మాటతో పిలుస్తామో దాన్ని బట్టే ఆ విషయం మీద ఏ ప్రశ్న అడుగుతామో నిర్ణయమవుతుంది. ఈ సంగతి నా వృత్తి నాకు నేర్పినది. నిర్మూలన అన్న మాట విన్నవాడు మరి ప్రశ్న అడగడు. లేనిదాని గురించి అడిగేదేమున్నది?

ప్రశ్న అడగవలసిన అవసరం మనకు ఉన్నది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ దగ్గర ఆరు అణురియాక్టర్లు నెలకొల్పాలన్న ప్రతిపాదన ఏళ్ళ తరబడి నలుగుతున్నది. మన దేశంలో అణువిద్యుత్కేంద్రం ఎక్కడుంటే దాని అల్పస్థాయి, మధ్యస్థాయి ఘనవ్యర్థాలను అక్కడే, నేలకు దగ్గరగా, కాంక్రీటు కందకాలలో ఉంచే పద్ధతి ఉన్నది. కనుక ఆ కేంద్రమే వస్తే ఆ పీపాలు ఉండబోయేది ఆ సముద్రతీరంలోనే. ఈ విషయమై వాదించుకునే ఇరుపక్షాల మాటలూ నేను విన్నాను. "సిమెంటు పోసి పూడ్చేస్తారండీ, ఇక భయమేమిటి?" అని ఒకరు. "మా యింటి శ్లాబే పదేళ్ళకు పెచ్చులూడినది, ఆ సిమెంటు ఎన్నాళ్ళు ఆగుతుంది?" అని మరొకరు. రెండింటిలోనూ కొంత నిజమున్నది, రెండూ నమ్మదగినవి కావు. ఎందుకో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందుగా సిమెంటు చేసే మేలు చెప్పుకోవాలి. సిమెంటు గట్టిపడడాన్ని మనం వాడుకలో ఆరడం అంటాము. నిజానికి తడిబట్ట ఆరినట్లు నీరు ఎగిరిపోయి సిమెంటు గట్టిపడదు. నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. అందుకే శ్లాబు పోసిన మేస్త్రి మర్నాటి నుంచి దాని మీద మళ్ళు కట్టి నీళ్ళు నిలపమంటాడు. ఈ గుణమే అణువ్యర్థాల విషయంలో అక్కరకు వచ్చినది. రియాక్టరులో తిరిగిన నీటిని శుద్ధి చేయగా మిగిలిన గాఢద్రవాన్ని, బురదను, కాల్చిన చెత్త తాలూకు బూడిదను సిమెంటుతో కలిపితే ఆ ద్రవంలోని నీరు సిమెంటులో భాగమైపోతుంది. ఒలికిపోయే పదార్థం 200 లీటర్ల పీపాలో రాతిదిమ్మ అవుతుంది. దీనికి కొలిమి అక్కరలేదు, పొగ రాదు, ఖర్చు తక్కువ. పైగా ఆ దిమ్మ మండదు.

మండకపోవడం చిన్న సంగతి కాదు. కొన్ని దేశాలు సిమెంటుకు బదులు తారు వాడాయి. తారులో నీరు చొరబడదు, దిమ్మ పరిమాణమూ పెరగదు. ఆ విధంగా చూస్తే అది సిమెంటు కన్నా మెరుగు. కాని 1997 మార్చి 11న జపానులోని తోకాయిమురాలో తారుతో వ్యర్థాలను గట్టిపరచే కేంద్రంలో మంటలు లేచి, తరువాత పేలుడు జరిగి, 37 మంది పనివారు స్వల్ప మోతాదులో రేడియోధార్మికతకు లోనయ్యారు. సిమెంటు దిమ్మకు ఆ భయం లేదు.

రెండవ మేలు క్షారగుణం. గట్టిపడిన సిమెంటు పైకి రాయిలా కనిపించినా లోపల కంటికి కనబడని రంధ్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి; వాటిలో కొంత నీరు నిలిచి ఉంటుంది. ఆ నీరు సున్నపుతేట వంటి ఘాటైన క్షారం, దాని పీహెచ్ విలువ 12 దాటుతుంది. యురేనియం, ప్లుటోనియం వంటి బరువైన లోహాలు అటువంటి నీటిలో అతిస్వల్పంగా మాత్రమే కరుగుతాయి. కరగనిది నీటివెంట కదిలిపోదు. అంటే సిమెంటు గోడలా అడ్డునిలవడమే కాక, లోపలి పదార్థాన్ని కరగనీయకుండా పట్టి కూడా ఉంచుతున్నదన్న మాట.

అయితే సిమెంటుకు అందరూ లొంగరు. సీజియం ఉప్పులా కరిగి రంధ్రాల వెంట మెల్లగా బయటికి నడుస్తుంది. దాన్ని పట్టడానికి బెంటొనైటు అనే బంకమన్ను వంటివి సిమెంటులో కలుపుతారు. బోరాన్ ఉన్న ద్రవం సిమెంటును త్వరగా గట్టిపడనీయదు. దానికి సున్నం కలిపి దారికి తేవాలి. నీటిని శుద్ధిచేసే రెజిన్ గుళికలు తడికి ఉబ్బి దిమ్మను లోపలి నుంచే పగలగొట్టగలవు. అల్యూమినియం ముక్కలుంటే సిమెంటులోని క్షారం వాటితో కలిసి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. ఇక ట్రిటియం సంగతి చెప్పనే అక్కరలేదు. అది హైడ్రోజన్‌కు ఒక రూపం, నీటిలో నీరుగానే కలిసి ఉంటుంది. నీరు పోగలిగిన చోటికల్లా అదీ పోతుంది.

కనుక ఈ పని బస్తా విప్పి నీళ్ళు పోసి కలిపే పని కాదు. ఏ వ్యర్థానికి ఏ పాకమో తెలియాలి. అమెరికాలో దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని సవానా రివర్ కేంద్రంలో అణ్వాయుధాల తయారీలో మిగిలిన లవణజలాన్ని 1990 నుంచి ఇలాగే గట్టిపరుస్తున్నారు. అక్కడి పాకంలో ప్రధానమైనవి ఇనుపకొలిమిలోని చిట్టెమూ, థర్మల్ కేంద్రాల బూడిదా. సిమెంటు పాలు వాటికన్నా చాలా తక్కువ. ఆ చిట్టెం టెక్నీషియం అనే మూలకాన్ని నీటిలో కరగని రూపానికి మార్చి ఉంచుతుంది. నివురు గప్పిన నిప్పు అన్న మన జాతీయానికి ఇంతకన్నా అక్షరాలా సరిపోయే ఉదాహరణ నాకు ఇంతవరకు దొరకలేదు.

అత్యధిక స్థాయి వ్యర్థాలకు, అంటే వాడిన ఇంధనాన్ని శుద్ధిచేయగా మిగిలే ద్రవానికి, సిమెంటు పనికిరాదు. దాని వేడికీ కిరణతీవ్రతకూ సిమెంటులోని నీరే శత్రువవుతుంది. దాన్ని గాజులో కలిపి కరిగించి పోస్తారు. మన దేశంలో తారాపూర్, ట్రాంబే, కల్పక్కంలలో ఆ ఏర్పాటు ఉన్నది. సిమెంటు అల్ప, మధ్యస్థాయి వ్యర్థాల కోసం మాత్రమే.

ఇప్పుడు కాలం లెక్క చూద్దాం. సీజియం-137 అర్ధాయువు సుమారు 30 ఏళ్ళు. స్ట్రాన్షియం-90ది కూడా దాదాపు అంతే. 30 ఏళ్ళకు సగం, 60 ఏళ్ళకు పావు, 90 ఏళ్ళకు అరపావు, 120 ఏళ్ళకు వీసం. ఇలా 300 ఏళ్ళు గడిస్తే మిగిలేది 1024లో ఒక వంతు. అందుకే ఇటువంటి నిక్షేపస్థలాల విషయంలో 300 ఏళ్ళ కాపలా అన్న లెక్క అనేక దేశాల్లో వినిపిస్తుంది. అదే 300 ఏళ్ళలో ప్లుటోనియం-239 నూటికి ఒక వంతు కూడా తగ్గదు. దాని అర్ధాయువు 24,100 ఏళ్ళు. మొదటిదాన్ని సిమెంటుకు అప్పగించడం న్యాయం. రెండవదాన్ని చెప్పుకోదగినంతగా అప్పగించి వెళ్ళిపోవడం, ఇసుకగూటిలో దీపం పెట్టి తెల్లవార్లూ వెలగాలనుకోవడం వంటిది.

ఆ 300 ఏళ్ళయినా తక్కువేమీ కాదు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు హక్కుపత్రం పొందినది 1824లో. ఈ పదార్థం వయసే రెండువందల ఏళ్ళు. తన వయసుకు మించిన పూచీని దాని నుంచి అడుగుతున్నాము. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వజ్రలేపమనే బంధనద్రవ్యాన్ని తయారుచేసే విధానం చెప్పి, అది కోటి సంవత్సరాలు నిలుస్తుందన్నాడు. దాన్ని మనం అతిశయోక్తి అలంకారం కింద జమకట్టి సంతోషిస్తాము. ఆ అలంకారం కావ్యంలోనూ శాస్త్రప్రశస్తిలోనూ శోభిస్తుంది గాని, ప్రభుత్వ ప్రకటనలో శోభించదు.

సిమెంటుకు తగిన పని అప్పగించి, పక్కన మనిషిని కాపు ఉంచితే ఎలా ఉంటుందో చూడాలంటే ఫ్రాన్సులోని లా మాంష్ నిక్షేపకేంద్రాన్ని చూడవచ్చు. 1969 నుంచి 1994 వరకు అక్కడ 5 లక్షల 27 వేల ఘనమీటర్ల వ్యర్థాలను ఉంచారు. పైన నీరు దిగని పొరలు పరచి, మన్ను కప్పి, గడ్డి పెంచారు. పైకి అదొక పచ్చికగుట్ట. కాని అక్కడ ఎవరూ "అయిపోయినది" అనలేదు. కేంద్రం నడుస్తున్న కాలంలోనే, 1976లో, ట్రిటియం భూగర్భజలంలోకి దిగినది. ఆ జాడను నేటికీ కొలుస్తూనే ఉన్నారు. ఎక్కడ ఏమి పెట్టారో తెలిపే పత్రాలను చిరకాలం మన్నే కాగితం మీద ముద్రించి, ఒక ప్రతిని అక్కడా మరొక ప్రతిని జాతీయ పత్రభాండాగారంలోనూ భద్రపరిచారు. సిమెంటు ఎంత ముఖ్యమో ఆ కాగితమూ అంత ముఖ్యమని వారు గుర్తించినట్లే కదా.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవులలో ఉన్నది. అక్కడి ఎనివెటాక్ వలయద్వీపంలో 1948, 1958 సంవత్సరాల మధ్య అమెరికా 43 అణుపరీక్షలు జరిపినది. వాటిలో 1958 నాటి ఒక పరీక్ష రునిట్ అనే దీవి కొసన పెద్ద గుంటను మిగిల్చినది. 1977 నుంచి 1980 వరకు అమెరికా సైన్యం ప్లుటోనియం కలిసిన మట్టిని చుట్టుపక్కల దీవుల నుంచి గీకి తెచ్చి, సిమెంటుతో కలిపి ఆ గుంటలో పోసి, పైన 358 కాంక్రీటు పలకలతో గోపురం కప్పినది. ఆ పలకల మందం దాదాపు 45 సెంటీమీటర్లు. గుంట అడుగున మాత్రం ఏమీ పరచలేదు. పగడపునేల జల్లెడ వంటిది. సముద్రపు పోటుపాట్లతో పాటు గోపురం కింది నీరూ లేస్తుంది, దిగుతుంది.

న్యాయం కోసం రెండవ పక్షమూ చెప్పాలి. గోపురం లోపలికన్నా బయటి మడుగు అడుగున ఉన్న ప్లుటోనియమే ఎన్నో రెట్లు ఎక్కువని, గోపురం ఇప్పుడిప్పుడే కూలిపోయే ప్రమాదం లేదని అమెరికా ఇంధనశాఖ 2020లో నివేదించినది. ఆ మాట నిజమే కావచ్చు. నా బాధ పలకల పగుళ్ళ గురించి కాదు. 24,100 ఏళ్ళ అర్ధాయువు ఉన్నదాన్ని 45 సెంటీమీటర్ల కాంక్రీటుకు వదిలి, కట్టినవారు ఓడ ఎక్కి వెళ్ళిపోయారు. 1986లో మార్షల్ దీవులు స్వతంత్రమయ్యాయి. ఆ తరువాత గోపురం బాధ్యత మీదేనని అమెరికా ఆ చిన్న దేశానికి చెబుతూ వచ్చినది. బాంబు వారిది కాదు, సిమెంటు వారిది కాదు, కాపలా మాత్రం వారిది.

సముద్రంలో పడవేసిన పీపాల కథ ఇంకొకటి. 1946 నుంచి దశాబ్దాల పాటు పలు దేశాలు అణువ్యర్థాలను పీపాలలో పెట్టి సముద్రంలో ముంచాయి. 1993లో అంతర్జాతీయ ఒప్పందం ద్వారా దాన్ని పూర్తిగా నిషేధించారు. ఈశాన్య అట్లాంటిక్‌లో ఐరోపా దేశాలు ముంచినవే రెండు లక్షలకు పైబడి ఉన్నాయి. ఆ పీపాలలో అనేకం సిమెంటుతో నిండినవే. కాని అక్కడ సిమెంటు పనుల్లో ఒకటి పీపా తేలకుండా అడుగుకు పోయేటట్లు బరువు కట్టడం! 2025లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఆ సముద్రగర్భంలో వెదికి మూడు వేలకు పైగా పీపాలను గుర్తించారు. పారవేసినది ఎక్కడున్నదో తెలుసుకోవడానికి మళ్ళీ మనుమలు ఓడ వేసుకుని వెళ్ళవలసి వచ్చినది.

మూడు చోట్లా ఉన్నది సిమెంటే. తేడా ఎక్కడున్నది? లోపల పెట్టినదాని ఆయువు ఎంత, పక్కన కాపున్నవారు ఎవరు అన్న రెండు ప్రశ్నల దగ్గర ఉన్నది. నిర్మూలన అన్న మాట ఈ రెండు ప్రశ్నలనూ మింగివేస్తుంది. అందుకే నాకు ఆ మాట మీద కోపం.

మరి ఏమనాలి? మన ధర్మశాస్త్రాలలో నిక్షేపమని ఒక మాట ఉన్నది. ఒకరి సొత్తును మరొకరి దగ్గర నమ్మకంతో దాచి ఉంచడం నిక్షేపం. దాన్ని భద్రంగా కాపాడడం పుచ్చుకున్నవాని విధి. అణువ్యర్థాల విషయంలో ఆ మాట నూటికి తొంభై పాళ్ళు సరిపోతుంది. మిగిలిన పది పాళ్ళే బాధ పెడుతుంది. లోకంలో నిక్షేపం పుచ్చుకునేవాడు ఎదురుగా ఉంటాడు, ఒప్పుకుంటాడు, కాదనే హక్కు అతనికి ఉంటుంది. ఇక్కడ పుచ్చుకునేవారు ఇంకా పుట్టలేదు. విద్యుత్తు మనది, పీపాలు వారివి.

మన పాత శాసనాలు చూడండి. దానం చేసిన భూమి ఎల్లలు వివరంగా చెక్కి, చివర దాన్ని హరించినవాడు అరవై వేల సంవత్సరాలు పురుగై పుడతాడని శాపం రాసేవారు. తాము పోయిన తరువాత ఏమవుతుందో అన్న చింత ఆ శాపం వెనుక ఉన్నది. శాపం మాట అలా ఉంచి, ఎల్లలు చెక్కడమన్న పని ఎంత వివేకమైనదో ఆలోచించండి. 1724లో నిజాముల్ముల్క్ దక్కనులో స్వతంత్రంగా పాలన మొదలుపెట్టిన నాటి నుంచి ఇప్పటికి 300 ఏళ్ళు. ఈ నడుమ తెలుగునేల నిజాముల చేతికి, కుంపినీ చేతికి, ఆంగ్లప్రభుత్వం చేతికి పోయి, 1953లో ఒక రాష్ట్రమై, 1956లో మరొక రూపు దాల్చి, 2014లో రెండయినది. దస్తావేజులు ఎన్ని భాషలలోకి మారాయో, ఎన్ని చెదలపాలయ్యాయో లెక్క లేదు. రాబోయే 300 ఏళ్ళు ఇంతకన్నా నిలకడగా ఉంటాయని పూచీపడగలవారెవరు? సిమెంటు దిమ్మ నిలవవచ్చు. అది ఏమిటో చెప్పే కాగితం నిలవాలి, ఆ కాగితం చదివే ఉద్యోగి ఉండాలి, అతనికి జీతమిచ్చే ఖజానా ఉండాలి.

అణువిద్యుత్తు కావాలా వద్దా అన్న వాదంలోకి నేను దిగడం లేదు. దాని పక్షాన చెప్పవలసినవి ఉన్నాయి, విపక్షానా ఉన్నాయి. ఇప్పటికే పుట్టిన వ్యర్థాలు మాత్రం మన వాదం తేలేవరకు ఆగవు. వాటిని ద్రవరూపంలో ఉంచడం కన్నా సిమెంటులో గట్టిపరచడం మంచిదనే నా అభిప్రాయం. నేను కోరేది, కొవ్వాడ వంటి చోట సభ పెట్టినప్పుడు అధికారి "పూడ్చేస్తాం" అన్న మాట దగ్గర ఆగకూడదు, ప్రజలు "పగులుతుంది" అన్న మాట దగ్గర ఆగకూడదు అని. అడగవలసినవి ఇవి:

పీపాలో ఏ మూలకాలు ఎంతెంత ఉంటాయి, వాటిలో దీర్ఘాయువు గలవాటికి పరిమితి ఎంత?

ఆ వ్యర్థానికి తగిన పాకాన్ని పరీక్షించినది ఎవరు, దిమ్మను నీటిలో నానబెట్టి ఎంత కారుతున్నదో కొలిచిన ఫలితాలు ప్రజలకు చూపుతారా?

ఇంటి శ్లాబు పెచ్చులూడేది ఎక్కువగా లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బడం వల్ల. పీపాలోని దిమ్మలో ఇనుపకడ్డీ లేదు గాని, కందకం గోడలో ఉన్నది. ఉప్పుగాలి వీచే తీరంలో, 2018లో తిత్లీ తుఫాను చూసిన జిల్లాలో, ఆ గోడకు రక్షణ ఏమిటి?

అక్కడి భూగర్భజలం వానకాలంలో ఎంత పైకి వస్తుంది?

కేంద్రం మూతపడిన తరువాత కాపలా ఖర్చు ఎవరిది, ఆ సొమ్ము ఎక్కడ ఉంచారు?

ఏ గోతిలో ఏమున్నదో తెలిపే పత్రం తెలుగులో ఉంటుందా? ఉంటే ఆ ఊరివారి చేతిలో ఒక ప్రతి ఉంటుందా?

చివరి ప్రశ్న పండితుడి చాదస్తంగా తోచవచ్చు. కాని మూడువందల ఏళ్ళు ఆ నేల మీద ఉండబోయేవారు ఆ ఊరివారే. వారు చదవగలిగిన భాషలో లేని దస్తావేజు వారి మటుకు లేనట్లే లెక్క.

నిర్మూలనకు బదులుగా కాపుదల అన్న మాట వాడదామని నా ప్రతిపాదన. నిక్షేపం కూడా మంచి మాటే గాని, దానికి నిధి అనే మరొక అర్థముండడం వల్ల ఎవరైనా తవ్వుకుంటారేమోనని భయం! ఇంతకన్నా మేలైన మాట మీలో ఎవరికైనా తోస్తే తెలియజేయండి, సంతోషంగా స్వీకరిస్తాను. పత్రికలలో పనిచేసే మిత్రులెవరైనా ఇది చదివితే, ఈసారి ఆ వార్త రాసేటప్పుడు ఒక్క క్షణం కలం ఆపమని నా మనవి.